ఏడో షీటులో ఖాళీ స్థలం

సర్వేయర్ మెయిరింగ్ శవం ప్రిచర్డ్ వీధిలో కొత్తగా తవ్విన పునాది గుంటలో దొరికింది. పర్సు జేబులోనే ఉంది. వెండి గడియారం వెయిస్ట్‌కోటుకే వేలాడుతోంది. పోయిందల్లా అతను భుజాన తగిలించుకునే రేకు గొట్టంలోని మ్యాప్ ఒక్కటే.

"దొంగలు కాదు," అన్నాడు లూడిక్. "దొంగలైతే ముందు బూట్లు ఊడబీకేవాళ్ళు. జోహనెస్‌బర్గ్ దొంగలు నాకు కొత్తా?"

లూడిక్ రాజధాని ప్రిటోరియా నుంచి పొద్దుటి రైల్లో దిగాడు. ఆయన నడిపే విభాగానికి పేరు లేదు, బోర్డు లేదు. ప్రభుత్వ లెక్కల్లో అది కంచెల మరమ్మతు పద్దు కింద బతుకుతుంది. గుర్రాల దాణా కొట్టు వెనక గదిలో, దాణా బస్తా మీద ఆయనకు ఎదురుగా కూర్చున్నవాడు ఫ్లోరిస్ నెల్. ఆ విభాగంలో అతన్ని మించిన ఏజెంట్ లేడు. ఒక మిషన్‌లో ఫ్రెంచి షాంపేన్ ఏజెంటు, ఇంకో మిషన్‌లో క్షయరోగి పాదిరీ. ఏ వేషం వేసినా వెంట్రుకవాసి తేడా దొరకదు.

"ఏ షీటు?" అడిగాడు ఫ్లోరిస్.

"ఏడు. ఊరి పడమటంచు. డైనమైట్ గోదాము, నీటి గొట్టాలు, రైలు లైను, అన్నీ అందులోనే."

"పాతదా, కొత్తదా?"

లూడిక్ మీసం చాటున నవ్వాడు. "అదీ ప్రశ్నంటే. పాతది. గోదాము ఎప్పుడో మార్చేశాం. ఈ ఊళ్ళో మ్యాపంటే పాలలాంటిది. పొద్దున పితికితే సాయంత్రానికి విరుగుద్ది."

పదేళ్ళ కిందట అక్కడ గడ్డి, గాలి తప్ప ఏమీ లేవు. బంగారం బయటపడ్డాక గుడారాలు రేకుల కొట్లయ్యాయి, రేకుల కొట్లు మూడంతస్తుల మేడలయ్యాయి. సర్వే ఆఫీసు వీధిని గీసేలోపు ఆ వీధి పక్కన ఇంకో వీధి మొలిచేది.

"చంపించినవాడు కెప్టెన్ రూక్," అన్నాడు లూడిక్. "పైకి గని యంత్రాలు అమ్ముతాడు. వెనక సముద్రం అవతల పెద్దమనుషులున్నారు. వాళ్ళకు ఈ బంగారం కావాలి, దాని మీద మన జెండా మాత్రం అక్కర్లేదు. ఊళ్ళో ఒక్క పెద్ద పేలుడు జరిగితే చాలు. ప్రాణరక్షణ అని పేరు పెట్టి సరిహద్దు దాటి గుర్రాలు దిగుతాయి. దానికి వాడికి మన డైనమైట్ కావాలి. అది ఎక్కడుందో ఇంకా తెలీదు."

"తెలీదని మీకెవరు చెప్పారు?"

"ఇల్కా."

ఇల్కా సెరెని వెరైటీ థియేటర్లో పాడుతుంది. ఆమె ఆకుపచ్చ గౌను అంచు కనపడితే స్టాక్ ఎక్స్ఛేంజిలో బేరాలు ఆగిపోతాయని ఊళ్ళో వాడుక. రూక్ కబుర్లు మోసేది ఆమే. కొన్ని నెలలుగా అవే కబుర్లు లూడిక్‌కు కూడా మోస్తోంది.

"రెండు విస్తళ్ళలో తినే మనిషి," అన్నాడు ఫ్లోరిస్.

"తిననీ. వడ్డించేది మనం. దొంగకు తాళంచెవి మనమే ఇద్దాం, తలుపు మాత్రం మనం ఎంచుదాం. నువ్వు సర్వే ఆఫీసులో చేరి కొత్త ఏడో షీటు ఒకటి తయారుచెయ్. గోదాము లేనిచోట ఉన్నట్టు గియ్. వాళ్ళు దోచుకోడానికొస్తారు, మన రౌతులు చుట్టేస్తారు. చుట్టూ ఇళ్ళు ఉండకూడదు. ఇళ్ళ మధ్య గోదామంటే రూక్ నమ్మడు. చెప్పు, ఎక్కడ?"

బల్ల మీద పరిచిన షీటు మీద ఫ్లోరిస్ వేలు తనంతట తానే ఒక చోట ఆగింది. వాగు పక్కన మట్టిగుంటలు, ఇటుకబట్టీలు.

"ఇక్కడ. రెండు దారులే. రెండూ మూసేస్తే ఎలక కూడా పోలేదు."

"ఎవరుంటారక్కడ?"

శత్రువు పిస్తోలు కణతకు ఆనించినా కళ్ళార్పకుండా అబద్ధమాడిన మనిషి ఆ ప్రశ్నకు ఒక్క క్షణం తడబడ్డాడు.

"ఎవరూ లేరు. అంటే, చెప్పుకోదగ్గవాళ్ళెవరూ లేరు. ఇటుకలు కోసుకునేవాళ్ళ గుడిసెలు కొన్ని."

"నీకా చోటు బాగానే తెలుసే."

"దారిన పోతూ చూశాను."

లూడిక్ దగ్గరున్న కాగితాల్లో ఫ్లోరిస్ నెల్ దక్షిణ తీరాన కేప్‌లో ద్రాక్షతోటలున్న కుటుంబంలో పుట్టాడు. నిజానికి వాళ్ళ పొలం కరువుకు ఎండిపోయాక, అక్క అలెట్టా వెంట ఎద్దుబండి మీద ఆ వాగు పక్కకే వచ్చాడు. రెండేళ్ళు మోకాళ్ళ లోతు మట్టి తొక్కాడు. పచ్చి ఇటుకల మీద మేకుతో బొమ్మలు గీస్తుంటే చూసి, అలెట్టాయే అతన్ని హాలండ్ పంతులు దగ్గరికి లాక్కెళ్ళి కూర్చోబెట్టింది. చదువు వచ్చింది. ఉద్యోగం వచ్చింది. తర్వాత అతను ఆ వైపు రాలేదు. తోడి ఉద్యోగులు గుర్రం మీద ఆ దారిన పోతుంటే తను ఇంకో దారి పట్టేవాడు. ఎండిన మట్టి వాసనకు ముక్కు తిప్పుకోవడం నేర్చుకున్నాడు. అందరికంటే బాగా కుదిరిన వేషం అదే.

*

సర్వే ఆఫీసులో అతని పేరు రుటర్స్. హాలండ్ నుంచి కొత్తగా దిగిన డ్రాఫ్ట్స్‌మన్. పవర్ లేని కళ్ళజోడు, నడిమి పాపిడి, మాటకు ముందు చిన్న దగ్గు. పుస్తకం నోరు తెరిచినట్టుండే ఆ మాటలు విని గుమాస్తాలు చాటుగా నవ్వుకునేవాళ్ళు.

షీటు నారబట్ట మీద గీసింది. ఇళ్ళన్నీ గులాబీ రంగు చిన్న చిన్న గళ్ళు. సన్నటి కత్తితో సిరాను గీకి, నురగరాయి పొడితో రుద్ది, ఎముక ముక్కతో నునుపు చేస్తే బట్ట కొత్తదిలా తెల్లబడుతుంది. ఒక్కో గడి ఎవరిదో అతనికి తెలుసు. ఇది వాడంతా ఓమ్, అంటే బాబాయ్, అని పిలిచే సీస్ ఇల్లు, పీచ్ పళ్ళ చెట్టున్నది. ఇది ప్రార్థన చేసుకునే రేకుల షెడ్డు. ఇది మలయ్ బండివాళ్ళ వరస. ఇది బావి. ఇది అలెట్టా బట్టీ. గీకాడు, రుద్దాడు, నునుపు చేశాడు. తెల్లబడ్డ చోట నడిమధ్యన ఒక ఎర్ర చదరం గీసి, 'ప్రభుత్వ గోదాము' అని అందంగా రాశాడు.

చెయ్యి ఎక్కడా వణకలేదు. తర్వాత తలుచుకున్నప్పుడల్లా అతని మొహం కిందికి దించింది ఆ గీకుడు కాదు. చెయ్యి వణకకపోవడం.

కమిషనర్ వీధి టీ గదిలో ఇల్కా ముందే వచ్చి కూర్చుంది. గొడుగు ఒళ్ళో ఉంది. అతను పక్క బల్ల దగ్గర టోపీ తీసి దగ్గాడు.

"ఈ ఊళ్ళో ఉత్తరం ఏ వైపండీ?" అడిగింది ఆమె.

"కాగితం పట్టుకున్నవాడి వైపు."

కోడ్ సరిపోయింది. ఆమె గొడుగు పిడిని మరతిప్పి విప్పింది. లోపల బోలుగా ఉంది. కొత్త షీటుకు నకలుగా తీసిన ట్రేసింగు చుట్ట అందులో వేలు దూరినంత సులువుగా దూరింది. మళ్ళీ మర బిగించే ముందు ఆమె ఆగింది.

"ఒక్క మాట. మెయిరింగ్‌ని చంపుతారని నాకు తెలీదు. కబుర్లు అమ్ముతాను, పాటలు అమ్ముతాను. శవాలు అమ్మను. ఈ గోదాము చుట్టూ ఎవరన్నా ఉన్నారా?"

"ఖాళీ నేల. మట్టీ, నీళ్ళూ."

"నిజంగా?"

"నేనే గీశాను కదా."

ఆమె కాసేపు అతని కళ్ళలోకి చూసింది. మనుషుల్ని చదవడమే వృత్తిగా ఉన్న ఆమెకు ఆ కళ్ళలో ఏమీ దొరకలేదు. లేచి వెళ్ళిపోయింది. టీ గది సగం ఆమె వెనకే చూసింది.

*

రూక్ శనివారం చీకటి పడ్డాక వస్తాడని కబురు. లూడిక్ రౌతుల్ని రెండు దారుల దగ్గరా పొదల్లో కూర్చోబెట్టే ఏర్పాట్లలో ఉన్నాడు. శుక్రవారం, ఇంకా మధ్యాహ్నం కాకముందే, సర్వే ఆఫీసు తలుపు తోసుకుని ఇల్కా లోపలికొచ్చింది. గుమాస్తాల పెన్నులు ఆగిపోయాయి. తిన్నగా రుటర్స్ బల్ల దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అంది.

"ప్లాన్ మారింది. దొంగతనం లేదు. గోదామునే పేల్చేస్తున్నారు. గని నుంచి తెచ్చిన డైనమైట్ పెట్టెలు నాలుగు, లోపల గడియారం. బండి పొద్దుటే బయల్దేరిందట. రూక్ ఇందాక కాఫీ తాగుతూ చెప్పాడు, నవ్వుకుంటూ. రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి కాల్చే ఫిరంగి మోగే వేళకి ఊళ్ళో అద్దాలన్నీ పగుల్తాయన్నాడు."

"బండి ఎవరు తోలుతున్నారు?"

"ఎవరో ఇటుకల బండి ఆడమనిషి. మార్కెట్లో సరుకు దించి ఖాళీగా ఇంటికి పోతుంటే పిలిచి ఎక్కించారు. సబ్బు పెట్టెలని చెప్పి, ప్రభుత్వ షెడ్డు దగ్గర దించి వెళ్ళిపొమ్మన్నారు. ఆమెకేం కాదులే. దించి పోతుంది. అక్కడ ఎవరూ లేరుగా. మీ రౌతులు ముందే వెళ్ళి ఆ చుట్టుపక్కల తిరుగుతుంటారేమోనని పరిగెత్తుకొచ్చాను, అంతే."

ఫ్లోరిస్ లేచి నిలబడ్డాడు. చేతిలో సిరాబుడ్డి ఒలికి బల్లంతా పాకింది.

షెడ్డు ఉంటే దించి పోతుంది. అక్కడ షెడ్డు లేదు. దించడానికి చోటు దొరక్క ఆ బండి పెట్టెల్తో సహా ఇళ్ళ మధ్యకే వెళుతుంది.

ఇల్కా అతని మొహం చూసింది. టీ గదిలో దొరకనిది ఇప్పుడు దొరికింది.

"ఎవరున్నారక్కడ?"

అతను సిరా అంటిన చేత్తో కోటు అందుకున్నాడు.

"నిన్నే అడుగుతున్నా. ఎవరున్నారు?"

"మా అక్క," అన్నాడు ఫ్లోరిస్. "ఇంకా చాలామంది."

ఆమె చెంపదెబ్బ కొట్టలేదు. అరవలేదు. కొట్టినా బాగుండేదని అతనికనిపించింది.

"నువ్వు వెళ్ళు," అంది. "రూక్ హోటలు మేడ మీద దుర్భిణి పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన నేను కూర్చుంటాను. లూడిక్‌కి కబురు నేనే పంపుతా."

*

ఆఫీసు జవాను సైకిల్ గోడకు ఆనించి ఉంది. ఫ్లోరిస్ దాన్ని అందుకుని తొక్కాడు. ట్రాం గుర్రాల మధ్య నుంచి, మార్కెట్ బండ్ల పక్క నుంచి, గని దుమ్ము కమ్మిన వీధుల వెంట. కళ్ళజోడు ఎక్కడో పడిపోయింది. దూరంగా స్టాంపు మిల్లులు రాయిని నలగ్గొడుతున్న దరువు అతని గుండెతో పోటీ పడుతోంది. రైలు పట్టాలు దాటాక దారి తెలుసుకోవాల్సిన పని లేకపోయింది. చక్రం కంటే ముందు అతని ఒళ్ళు మలుపు తిరుగుతోంది.

బట్టీల పొగ. పరిచిన పచ్చి ఇటుకలు. తొక్కుడు గుంటలో తిరుగుతున్న గాడిదలు. బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్ళు, మొక్కజొన్న సంకటి కుండ చుట్టూ పిల్లలు. అందరూ తలెత్తి, సైకిల్ మీది దొరను చూశారు.

"అందరూ దయచేసి ఈ స్థలమును ఖాళీ చేయవలెను," అన్నాడు ఫ్లోరిస్ రొప్పుతూ. "ప్రభుత్వపు ఉత్తరువు."

కంగారులో నోట్లోంచి వచ్చింది రుటర్స్ గొంతే.

"చూశారా, వచ్చేశాడు," అన్నాడు తెల్లగడ్డం ఓమ్ సీస్ ఇటుక అచ్చు కింద పెట్టకుండానే. "నెలకో హాలండు దొర. కిందటివాడు గుర్రం మీద వచ్చాడు, వీడికి గుర్రం కూడా ఇవ్వలేదు పాపం."

నవ్వులు. "దొరా, చక్రం జాగ్రత్త. గుంటలో పడితే ఇటుక కోసేస్తాం," అందొకామె.

ఫ్లోరిస్ సైకిల్ వదిలేశాడు. అది మట్టిలో పడింది. ఇక దాచుకోవడానికి వేళ లేదు.

"ఓమ్ సీస్, నేను ఫ్లోరిస్‌ని. నెల్ వాళ్ళ ఫ్లోరిస్‌ని. నీ పీచ్ పళ్ళు దొంగిలించి నీ చేత బెల్టు దెబ్బలు తిన్నవాణ్ణి. నీకు దండం పెడతా, పిల్లల్ని తీసుకుని వాగు అవతలికి పో. అక్క ఎక్కడ?"

నవ్వులు ఆగిపోయాయి. ముసలాయన అతని కోటు చూశాడు, పాపిడి చూశాడు. గడ్డంతో ఒకవైపు చూపించాడు.

అలెట్టా అప్పుడే బండి వాకిట్లోకి తిప్పింది. ఇంకా కంచర గాడిదల్ని విప్పలేదు. మనిషి చిక్కింది. ఎండకు మాడిన బట్ట టోపీ కింద జుట్టు నెరిసింది. బండిలో నాలుగు పెట్టెలు.

"అక్కా."

ఆమె పగ్గం చేత్తో పట్టుకునే తిరిగింది. కింది నుంచి పైదాకా చూసింది.

"ఎవరికి అక్క? మా తమ్ముడు కేప్‌లో జ్వరమొచ్చి పోయాడు. వాడి పేరున కాఫీ కాచి ఇక్కడందరికీ పోశాను. బతికుండి రావట్లేదని చెప్పుకోవడం కంటే అదే మర్యాదగా ఉంది."

"తర్వాత తిట్టు. ఆ పెట్టెల్లో ఉన్నది డైనమైట్."

"సబ్బులన్నాడే."

"అబద్ధం చెప్పాడు. మధ్యాహ్నం ఫిరంగి వేళకు పేలుద్ది."

అలెట్టా అతని మొహంలోకి ఒక్కసారి చూసింది. ఎన్నేళ్ళు గడిచినా తమ్ముడు నిజం చెబుతున్నాడో లేదో ఆమెకు తెలిసిపోతుంది. వెంటనే బండి నుంచి అటు తిరిగి గొంతెత్తింది.

"పొయ్యి మీదవి పొయ్యి మీదే వదిలెయ్యండి. అందరూ వాగులోకి దిగి గట్టు కింద పడుకోండి. ఎవరన్నా ఎందుకని అడిగారో, బతికుంటే సాయంత్రం చెబుతా."

రుటర్స్ ఉత్తరువుకు నవ్వినవాళ్ళు ఆ మాటకు క్షణంలో కదిలారు. పిల్లల్ని చంకనేసుకున్నారు. కాళ్ళు పడిపోయిన ముసలమ్మను ఇటుకలు మోసే తోపుడుబండిలో కూర్చోబెట్టుకుని ఓమ్ సీస్ తోసుకుపోయాడు. వాడ ఖాళీ అయింది. గాడిదలు మాత్రం గుంటలో తిరుగుతూనే ఉన్నాయి.

"నువ్వూ వెళ్ళు," అన్నాడు ఫ్లోరిస్ బండెక్కుతూ.

"ఇవి బెదిరితే పెట్టెలు దొర్లుతాయి. కళ్ళెం ఎవరు పట్టుకుంటారు, నీ మెరిసే బూట్లా?" ఆమె రెండు గాడిదల తలలూ గుండెకు అదుముకుని నిలబడింది. "నీ పని నువ్వు చూసుకో."

గడియారం మొదటి పెట్టెలో లేదు. రెండోదాంట్లో లేదు. మూడోదాని మూత కత్తితో లేపితే పైన నిజంగానే సబ్బుల వరస ఉంది. దాని కింద మైనపు కాగితంలో చుట్టిన డైనమైట్. నడిమధ్యన నికెల్ పూత అలారం గడియారం. గంట కొట్టే సుత్తి తీసేసి దాని చోట ఉక్కు ముల్లు బిగించారు. ముల్లుకు ఎదురుగా పేలుడు మందు నింపిన రాగి టోపీ. ఆ టోపీ మీద ఒక్క పోటు పడితే చాలు. అంతా రేకుతో అతికేసి ఉంది. క్షణాల్లో ఊడదీసే పని కాదు. గడియారం ముళ్ళు రెండూ పన్నెండు దగ్గర దాదాపు కలిసిపోయాయి.

జేబులో పనిముట్లున్నాయి. వెయిస్ట్‌కోటు గుండీలో దాచిన కెమెరా ఉంది. పెన్నులో దాచిన రంపం ఉంది. ఒక్కటీ పనికొచ్చేది కాదు. స్ప్రింగు 'టిక్' మని విడుదలయిన చప్పుడు వినిపించింది. ఫ్లోరిస్ ఆలోచించలేదు. ముల్లుకూ టోపీకీ మధ్య బొటనవేలు దూర్చాడు.

ముల్లు గోరు చీల్చుకుని దిగి ఎముక దగ్గర ఆగింది.

ఊళ్ళో ఫిరంగి మోగింది. గాడిదలు ఉలిక్కిపడ్డాయి. అలెట్టా వాటిని ఇంకా గట్టిగా అదుముకుంది. అంతకు మించి ఏమీ జరగలేదు.

హోటలు మేడ మీద కెప్టెన్ రూక్ దుర్భిణి దించి గడియారం చూసుకున్నాడు. మళ్ళీ దుర్భిణి ఎత్తాడు. పడమటి ఆకాశంలో బట్టీల పొగ తప్ప ఇంకేమీ లేదు. పక్కన కూర్చున్న ఇల్కా అతని పిస్తోలును ఎప్పుడో తన గొడుగు మడతల్లోకి జార్చేసింది. మెట్ల మీద లూడిక్ మనుషుల బూట్ల చప్పుడు వినపడ్డాక, "ఇంకొంచెం కాఫీ పొయ్యమంటారా, కెప్టెన్?" అని అడిగింది.

*

గడియారాన్ని విడదీసి, వేలిలో దిగిన ముల్లును బయటికి లాగింది అలెట్టాయే, బట్టీ పటకారుతో. కేక రాకుండా అతను కోటు చెయ్యి కొరుక్కున్నాడు. ఆమె తన టోపీ నాడా చింపి కట్టు కట్టింది. జనం వాగు నుంచి ఒక్కొక్కరే పైకొస్తున్నారు. ఎవరో అతనికి కాఫీ పోసిచ్చారు. ప్రాణాలు కాపాడావురా నాయనా అని ఒక ముసలమ్మ తల నిమిరింది. అతను కాఫీ తాగకుండా పక్కన పెట్టాడు.

"ఒకటి అర్థం కాలేదు," అంది అలెట్టా. "ఆ దొర నాకు మ్యాప్ చూపించాడు. అందులో ఇక్కడ ప్రభుత్వ షెడ్డు ఉంది. మన ఇళ్ళు లేవు. బావి కూడా లేదు. కూలి ముందే ఇచ్చాడు కదా, ఏదో పొరపాటులే అనుకుని పెట్టెలు ఎక్కించుకొచ్చా. ఆ మ్యాప్ ఎవడి పనిరా?"

అందరూ విన్నారు. అతను తలెత్తలేదు. పొద్దుటిదాకా ఏ ప్రశ్నకైనా మూడు అబద్ధాలు సిద్ధంగా ఉండే మనిషికి ఒక్కటీ దొరకలేదు.

"నేనే," అన్నాడు.

ముసలమ్మ చెయ్యి అతని తల మీంచి మెల్లగా తీసేసుకుంది. ఓమ్ సీస్ ఇటుక అచ్చు తీసుకుని పనిలోకి వెళ్ళిపోయాడు. అలెట్టా అంది:

"మట్టి వాసన నచ్చక పోయావు. సరే. మనిషన్నాక పైకి పోవాలనుకుంటాడు. నేనే పంపాను. కానీ మేమే లేమని ఎట్లా రాశావురా? ఒక్కో ఇల్లూ తుడుస్తుంటే నీకేమీ అనిపించలేదా?"

"అప్పుడేమీ అనిపించలేదు," అన్నాడు ఫ్లోరిస్. "అదే నాకిప్పుడు..."

సాయంత్రం స్టేషన్లో ఇల్కా తూర్పు తీరానికి పోయే రైలెక్కింది. రూక్ మనుషులు వెతికేలోపు ఓడ అందుకోవాలి. కిటికీలోంచి అతని కట్టు చూసింది.

"నేనూ ఇద్దరికీ అబద్ధం చెప్పి బతికేదాన్నే. నువ్వు అబద్ధమాడావని కాదు నా బాధ. అంత బాగా ఆడావే, అని. నేను నమ్మేశాను చూడు, అందుకు నాకూ సిగ్గుగానే ఉంది."

రైలు కదిలింది. ఆమె చెయ్యి ఊపలేదు.

*

వారం తిరక్కుండా లూడిక్ మళ్ళీ దాణా కొట్టు వెనక గదిలో కూర్చున్నాడు. ఈసారి బ్రాందీ సీసా తెచ్చాడు. జీతం పెంపు, ప్రిటోరియాలో ఇల్లు, ఆ మిషన్‌కు దొరకనిది లేదు.

"ఇంకో మంచి వార్త," అన్నాడు. "నీ ఏడో షీటు రైల్వేవాళ్ళకు తెగ నచ్చింది."

ఫ్లోరిస్ గ్లాసు కింద పెట్టాడు. "అది దొంగ షీటు కదా."

"అచ్చుకు పోయింది. ఆఫీసులో అదే కొత్తదనుకున్నారు. పట్టాల పక్కన అంత ఖాళీ నేల, యార్డు కట్టుకోడానికి ఎంత వీలు. ఖాళీ నేలకు నష్టపరిహారం ఇవ్వక్కర్లేదు. వచ్చే నెల పని మొదలు."

"తప్పని చెప్పండి."

"ఎట్లా చెప్పను? ఎందుకు తప్పుగా గీశామని అడుగుతారు. విభాగం బయటపడుద్ది. నువ్వు బయటపడతావ్. గీసినవాడే వచ్చి ప్రమాణపూర్వకంగా సంతకం పెడితే తప్ప అచ్చయిన షీటు మార్చరు. గీసినవాడు రుటర్స్. రుటర్స్ లేడు." లూడిక్ గ్లాసు నింపాడు. ఆయన చెడ్డవాడు కాదు, అలసిన మనిషి. "నాలుగు గుడిసెల కోసం నీలాంటి ఏజెంట్‌ని పోగొట్టుకోమంటావా? తాగు."

ఫ్లోరిస్ ఆ బ్రాందీ తాగలేదు. మర్నాడు పొద్దున్నే కళ్ళజోడు లేకుండా, పాపిడి లేకుండా సర్వే ఆఫీసుకు వెళ్ళాడు. నేను రుటర్స్‌ని కాను, ఏడో షీటులో ఇళ్ళు చెరిపింది నేనే, అని గుమాస్తాలందరి ముందూ చెప్పి సంతకం పెట్టాడు. తండ్రి వృత్తి అన్నచోట ద్రాక్షతోటలు లేవు. నివాసం అన్నచోట ఇటుకబట్టీలు అని రాశాడు. గుమాస్తాల్లో ఒకడు కిసుక్కున నవ్వాడు. చెవులు కాలిపోయాయి. అయినా ఆ అక్షరాల్ని కొట్టెయ్యలేదు.

తర్వాత సర్వే గొలుసు అరువు తెచ్చుకుని వాడకు వెళ్ళాడు. రెండో కొస పట్టుకోడానికి చాలాసేపు ఎవరూ రాలేదు. ఎండలో అలాగే నిలబడ్డాడు. చివరికి చేతులు కడుక్కుని అలెట్టా వచ్చింది. గొలుసు కొస పట్టుకుంది.

ఇల్లిల్లూ కొలిచాడు. ప్రతి వాకిట్లోనూ ఒక మాట కాచుకుని ఉండేది.

"ఇక్కడ నేనున్నానంటావా, లేనంటావా?" అన్నాడు ఓమ్ సీస్. "బాగా ఆలోచించుకుని చెప్పు నాయనా. నీ మాట మీదే ఆధారపడి ఉన్నాను."

"ఉన్నావు, ఓమ్."

"హమ్మయ్య. పీచ్ చెట్టు కూడా ఉందేమో చూడు."

చెట్టు కూడా గీశాడు. మలయ్ బండివాళ్ళు తమ పేర్లు అక్షరం అక్షరం చెప్పి రాయించారు, తప్పు రాస్తే మళ్ళీ రాయించారు. అతను విసుక్కోలేదు. ఎవరి కళ్ళలోకీ చూడలేదు కూడా.

రైల్వే యార్డు ఆగలేదు. బంగారం ఊరి మీద రైలుదే పైచేయి. కానీ షీటు మీద పేరున్న ప్రతి ఇంటికీ ఇంకా పడమటికి వేరే చోట స్థలం ఇవ్వాల్సొచ్చింది. బండ్ల మీద గుమ్మాలు, కిటికీలు కట్టుకుని వాళ్ళు వెళ్ళిపోయారు. పాత వాగు పక్కన రైలు ఇంజన్లు నిలబడ్డాయి. గెలిచామని ఎవరూ అనుకోలేదు. గల్లంతవలేదు, అంతే.

ప్రిటోరియా నుంచి ఫ్లోరిస్‌కు ఉద్యోగం ఊడిన కాగితం వచ్చింది. కొత్త వాకిట్లో కూర్చుని అలెట్టా పైకి చదవమంది. అతను చదివాడు. ధైర్యం, నైపుణ్యం, మారువేషంలో అసమాన ప్రతిభ అంటూ మొదట పొగడ్తలున్నాయి. చివర ఒక్క వాక్యంలో కారణం ఉంది: సొంత చిరునామా ఉన్నట్టు రుజువైనందున ఇతను గూఢచారి పనికి తగడు.